గునపం ఎక్కడెట్టినావురా?

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊళ్లో ఏరువాక పౌర్ణమి నాటి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ రాసి నా చేతికో కాగితం ఇచ్చారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను, పెద్దలు మన్నించాలి. వెనక షామియానా నీడ అందక ఆడవాళ్లు కొంగు కప్పుకుని కూర్చున్నారు. తొందరగా ముగిస్తాను. ఆ మాట అన్నవాడెవడూ తొందరగా ముగించడని మీకూ తెలుసనుకోండి.

నాకిచ్చిన విషయం, పర్మాకల్చర్ పద్ధతిలో ఒక కుటుంబానికి సరిపడే చిన్న కమతం. ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అని ఇద్దరు 1978లో ఈ పేరుతో పుస్తకం తెచ్చారు. అడవిని చూసి తోట వేసుకోమన్నారు. పైన పెద్ద చెట్టు, దాని కింద చిన్న చెట్టు, ఆ కింద పొద, చెట్టెక్కే తీగ, నేల మీద పాకేది, నేల లోపల దుంప. రోజుకు పదిసార్లు వెళ్లే చోట కరివేపాకు, మిరప. వారానికోసారి వెళ్లే చోట జీడి. విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఉద్దానం ఎలా ఉండేదండీ? ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. ఇప్పుడు బయటివాళ్లకి ఆ పేరు చెబితే కిడ్నీ జబ్బే గుర్తొస్తోంది, అది వేరే బాధ. కొబ్బరి కింద పనస, పనస కింద అరటి, అరటి మొదట్లో చేమ. ఇది మనకి ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు.

మూడు సంగతులు చెబుదామని వచ్చాను: నీళ్లు, అంతస్తులు, విత్తనం.

నీళ్ల సంగతి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. ఆ వెయ్యి లీటర్లూ గొట్టంలోంచి వీధిలోకి పోతున్నాయి. మనది ఇసుక నేల, పోసింది పోసినట్టే దిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు కొబ్బరి పాదుల్లో కొబ్బరికాయ డొక్కల్ని వెల్లకిలా, గిన్నెల్లాగా, వరసగా పేర్చి మట్టి కప్పేవారు. పీచు తడి పట్టుకుని ఎండల్లో మెల్లగా వదులుతుంది. ఇప్పుడు ఆ డొక్కలు పొయ్యిలోకి పోతున్నాయి, లేదా లారీ ఎక్కుతున్నాయి. ఈ ఏడాది ఒక్క చెట్టుకైనా చేసి చూడండి.

రెండోది అంతస్తులు. ఇక్కడ నా తప్పు చెప్పకుండా ముందుకెళ్లలేను.

పదిహేనేళ్లు చెన్నైలో పని చేసి ఊరికొచ్చాను. మా ఎకరంన్నర తోట చూస్తే నాకు అడవిలా కనిపించింది. కాలు పెట్టడానికి చోటు లేదు. శుభ్రం చేద్దామనుకున్నాను. కలుపుమందు కొట్టించాను. కింద ఉన్న అల్లం, పసుపు, అనాస, పెండలం తీగ, పేరు తెలియని ఆకుకూరలు, అన్నీ పోయాయి. కొబ్బరి, జీడి మాత్రం వరసల్లో మిగిలాయి. ఫోటో తీసి చెన్నైలో స్నేహితులకి పంపాను కూడాను. అమ్మ నాతో పోట్లాడలేదు. నూతి వెనక ఐదు సెంట్లు చూపించి, “అదొక్కటీ నాకొదిలెయ్. ఇక్కడ కాలెడితే ఊరుకోను” అంది.

2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను అంటే ఈ పందిట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లవారకుండానే వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి నా వరసలన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఏడెనిమిదేళ్లు. నేను గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాను. పక్క తోటలోంచీ ఏడుపే. అమ్మ ఇంట్లోంచి బయటికొచ్చి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, అడిగిన మొదటి మాట: “గునపం ఎక్కడెట్టినావురా?”

నూతి వెనక ఆకు మిగల్లేదు. అరటి నడుముకి విరిగింది, పనస కొమ్మలు పోయాయి. అమ్మ ప్రతి ఏడూ కొన్ని కందలు తవ్వకుండా వదిలేసేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు ఒక్కొక్కటీ మూడు నాలుగు కిలోలున్న ముదురు కందలు బయటికొచ్చాయి. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు లేదు, మోటారు లేదు. చేంతాడుతో నీళ్లు తోడుకుని, కంద పులుసు, చేమ ఉడకబెట్టి, మా ఇల్లూ పక్క మూడిళ్లూ తిన్నాం. బియ్యం మాత్రం డబ్బాలో ఉన్నవే. మన ఇసకలో వరి పండించుకుని బతికేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. బియ్యం కొనాలి, ఉప్పు కొనాలి, పిల్లల ఫీజులు కట్టాలి. దానికి కొబ్బరి, జీడి కావాలి. నా గొడవల్లా వాటి కింద ఖాళీగా ఉన్న నేల గురించే.

తర్వాత నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. కొబ్బరి ఎన్ని చెట్లు, జీడి ఎంత విస్తీర్ణం, రాసుకున్నాడు. అమ్మ పెరడు కూడా రాయండి బాబూ, పన్నెండు రకాలున్నాయి అన్నాను. దానికి గడి లేదండీ అన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన నవ్వి, “మీ అమ్మగారే ఊరుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?” అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు ఇప్పటికీ నవ్వు రావడం లేదు. పడిపోయినప్పుడు గడి లేదు సరే, బాగున్న రోజుల్లో మాత్రం ఉందా? ఆ పెరడు ఏడాదికి ఎంత కూర పెడుతుందో ఏ కాగితంలో ఉంది? ఇన్నేళ్లయినా ఈ మాట ఎక్కడ మైకు దొరికితే అక్కడ అంటున్నాను. మా ఆవిడ అక్కడ కూర్చుని చెయ్యి ఊపుతోంది, ఇక చాలని.

సరే. మీలో ఎవరింట్లో పెండలం తీగ ఉందో చెయ్యెత్తండి. ఎత్తండమ్మా, సిగ్గెందుకు? నలుగురు. ఇంతమందిలో నలుగురు. ఆ నలుగురూ వెళ్లిపోకండి, మీతో పనుంది.

మూడో సంగతి చెప్పడానికి టైము లేదు, సంచిలో తెచ్చాను. ఆ స్తంభం దగ్గరున్నది కంద విత్తనం. అమ్మ పోయి రెండేళ్లయింది, ఇది ఆవిడ నూతి వెనకదే. ప్రతి ముక్కకీ నడిమి మొగ్గలో కొంత భాగం ఉండేలా నిన్న కోసి, పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాను. మూరెడు గొయ్యి తీసి, గత్తం వేసి, మొగ్గ పైకి పెట్టి కప్పండి. పైన ఎండాకు కప్పితే మరీ మంచిది. నీళ్లు నిలవకూడదు, కుళ్లిపోతుంది. మాఘమాసంలో ఆకు పండి వాలిపోయాక తవ్వండి. తవ్వినప్పుడు ఒక ముక్క తీసుకున్నవాళ్లు రెండు నాకు తిరిగివ్వాలి. ఇంటికి ఒకటే. పేర్లు రాసుకోవాలి, నాకేమో కళ్లజోడు లేదు. ఎవరైనా కుర్రాడు పెన్ను పట్టుకుని ఇలా రండి.