పాటలో గొంతు ఎక్కడికి పోయింది?

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు, క్యాబ్ డ్రైవర్లు, కారు యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది ఇప్పుడే బండి కింది నుంచి లేచి చేతులు కడుక్కుని వచ్చినవాళ్ళు. మిగతా సగం ఆ బండ్లు తోలేవాళ్ళు. కాబట్టి సంగీతం గొప్పతనం గురించి నేనేమీ చెప్పబోవట్లేదు. పాట సెల్లులో బాగానే ఉంటుంది, కారు స్పీకర్లోకి వచ్చేసరికి పాడైపోతుంది. ఆ మధ్య దారిలో ఏం జరుగుతోంది? ఇవాళ నా విషయం అంతే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకి నీళ్ళు వదిలారు, చివరి భూములకి అందలేదు అనుకోండి. అక్కడి రైతు గట్టు ఎక్కడ తెగిందో చూసుకుంటూ పైకి నడుస్తాడు. మనం మాత్రం పాట సరిగ్గా రాకపోతే వెంటనే "కారు స్టీరియో సెట్టు మార్చేద్దాం సార్" అంటాం. మార్చడానికి వచ్చిన సెట్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తప్పు ఫోన్లోనో, వైరులోనో, ఛార్జర్లోనో ఉంటుంది. అది ఎక్కడుందో ఆ చెడ్డ శబ్దమే చెబుతుంది. మల్టీమీటరు తీసే ముందు ఒక్క నిమిషం చెవి పెట్టి వినండి అని కుర్రాళ్ళకి చెప్పడానికే వచ్చాను.

అన్నిటికంటే వింతైన ఫిర్యాదు ఒకటుంది. "మ్యూజిక్ వస్తోందండీ, పాడేవాళ్ళే రావట్లేదు" అంటాడు కస్టమర్. నవ్వకండి, అతను చెప్పేది అక్షరాలా నిజం. వయొలిన్లు వినపడతాయి, తబలా వినపడుతుంది, గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అదే కస్టమర్ ఇంకో మాట కూడా అంటాడు: "ఘంటసాల పాటలైతే అసలు పలకడమే లేదు." అక్కడికి మనకి డౌటు వస్తుంది, ఈయన చెవులు చూపించుకోవాలేమోనని. చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఫోనుని సెట్టుకి కలిపే ఆక్స్ వైరులో గ్రౌండు, అంటే సిగ్నల్ తిరిగి వెళ్ళే తీగ, తెగింది.

ఆక్స్ పిన్ను చూడండి. మందం 3.5 మిల్లీమీటర్లు. వెనకటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చుతూ పీకుతూ ఉండే లావుపాటి పిన్నుకి ఇది మనవరాలు. దాని మీద రెండు గీతలుంటాయి, అంటే మూడు భాగాలు. మొన ఎడమ స్పీకర్లది, మధ్య రింగు కుడి స్పీకర్లది, మొదట్లో ఉన్న పెద్ద భాగం రెంటికీ ఉమ్మడి గ్రౌండు. స్టూడియోలో పాట కలిపేటప్పుడు గాయకుడి గొంతుని సాధారణంగా ఎడమకీ కుడికీ సరిసమానంగా పెడతారు. అందుకే అది డాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టుంటుంది. వాయిద్యాలని కొన్ని ఆ పక్కకీ కొన్ని ఈ పక్కకీ జరుపుతారు. ఇప్పుడు గ్రౌండు తెగిందంటే ఎడమ నుంచి వచ్చిన సిగ్నల్‌కి తిరిగి వెళ్ళే దారి లేదు, కుడివైపు గుండానే పోవాలి. అలా పోయినప్పుడు రెండువైపులా ఒకేలా ఉన్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తేడాగా ఉన్నదే మిగులుతుంది. గొంతు రెండువైపులా సమానం కాబట్టి గొంతు పోయింది. స్టూడియోలో ఆ గొంతుకి కలిపిన ఎకో రెండు పక్కలా కాస్త తేడాగా ఉంటుంది కాబట్టి అది మిగిలింది. బావిలోంచి వచ్చినట్టు ఉండటానికి కారణం అదే.

ఇక ఘంటసాల గారి కాలపు పాటలు ఎక్కువగా మోనో. ఎడమ కుడి తేడా ఏమీ లేదు. అంతా సమానం కాబట్టి గొంతుతో పాటు వాయిద్యాలు కూడా కొట్టుకుపోయి పాట మొత్తం మాయమవుతుంది. చూశారా, కస్టమర్ చెప్పిన రెండో మాటలోనే మనకి కావలసిన రుజువు ఉంది. మనం వినిపించుకోం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఫోనుకి కారు ఛార్జరు పెట్టగానే గొంతు తిరిగొస్తుంది! ఎందుకంటే తెగిన గ్రౌండుకి ఛార్జరు గుండా, బండి బాడీ గుండా ఇంకో దారి దొరికింది. కస్టమర్ "ఛార్జింగ్ పెడితే బాగుంటోంది" అన్నాడంటే ఇక సందేహం లేదు. డాష్‌బోర్డు విప్పొద్దు. ఆక్స్ వైరు మార్చండి. ఎక్కువగా పిన్ను మెడ దగ్గర, రోజూ వంగే చోట తెగుతుంది. వైరు మార్చినా పోకపోతే అప్పుడు సాకెట్టు చూడండి.

అయితే ఛార్జరు పెట్టినప్పుడు గొంతుతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. కుయ్య్‌మని సన్నటి కూత. ఆక్సిలరేటర్ తొక్కితే కూత పైకి వెళ్తుంది, వదిలితే దిగుతుంది. వైరు బాగున్న బండ్లలో కూడా ఇది వస్తుంది, ఇదే మనకి ఎక్కువగా వచ్చే కేసు. ఆల్టర్నేటర్, అదే మనం డైనమో అనేది, పుట్టించేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు. డయోడ్లు దాన్ని ఒకే వైపు పారే డీసీగా మారుస్తాయి గానీ సన్నటి అలలు మిగిలిపోతాయి. ఇంజను స్పీడు పెరిగితే ఆ అలలూ దగ్గరవుతాయి, కూత సన్నబడుతుంది. అది పాటలోకి ఎలా దూరుతుంది? ఫోనుకి ఇప్పుడు రెండు గ్రౌండులున్నాయి. ఒకటి ఆక్స్ వైరు నుంచి సెట్టుకి, రెండోది ఛార్జరు నుంచి బాడీకి. రెండూ కలిసి ఒక చుట్టు అయింది. ఆ రెండు చోట్లా వోల్టేజీ రవ్వంత తేడా ఉంటే చాలు, ఆ తేడా ఆక్స్ గ్రౌండు మీదుగా ప్రవహించి పాటతో కలిసిపోతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

పరీక్ష చాలా తేలిక. ఛార్జరు పీకండి. కూత ఆగిందా, లూపే. ఆగలేదా, సెట్టు గ్రౌండు, అంటే నల్ల వైరు, ఎక్కడ బిగించారో చూడండి. పెయింటు గీకకుండా బోల్టు బిగించిన బండ్లు ఎన్నో. విడిగా యాంప్లిఫయర్ పెట్టిన బండి అయితే, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరునీ పాట మోసే సన్న వైర్లనీ కలిపి ఒకే టేపుతో చుట్టేశారేమో చూడండి. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, వినడానికి నరకం.

లూపుకి మందు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట అయస్కాంతంగా మారి అవతలికి దూకుతుంది, రాగి తీగ మాత్రం కలవదు, చుట్టు తెగిపోతుంది. మరీ చవక రకం కొంటే లోపలి కోర్ చిన్నది కాబట్టి బేస్ తగ్గిపోతుంది. తర్వాత కస్టమర్ బేస్ రావట్లేదని మళ్ళీ వస్తాడు, అందుకే ముందే చెబుతున్నా. "బ్లూటూత్ రిసీవర్ పెట్టుకుంటే వైరు గొడవే ఉండదుగా" అంటారు కొందరు. ఆ రిసీవరుకి పవరు కారు యూఎస్‌బీ నుంచి, పాట ఆక్స్ లోకి. అంటే అవే రెండు గ్రౌండులు, అదే చుట్టు. కూత మళ్ళీ హాజరు. సొంత బ్యాటరీ ఉన్న రిసీవరైతే ఆ బాధ లేదు.

పాత బండ్ల సంగతి త్వరగా ముగిస్తాను. క్యాసెట్ డెక్కు మాత్రమే ఉన్న బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. 1963లో ఫిలిప్స్ తెచ్చిన ఆ క్యాసెట్టు ఆకారంలోనే అడాప్టర్ దొరుకుతుంది. అందులో టేపుకి బదులు చిన్న హెడ్డు, అది డెక్కు హెడ్డుకి ఎదురుగా నిలబడి అయస్కాంతంతో పాట అందిస్తుంది. శబ్దం మసకగా ఉంటే స్పిరిట్ అద్దిన దూదితో డెక్కు హెడ్డు తుడవండి. ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ నాకు నచ్చని వస్తువు, కానీ ఆక్స్ లేని బండికి తప్పదు. మన ఊళ్ళో రెయిన్‌బో కృష్ణవేణి 102.2, మిర్చి 98.3. ఆ నంబర్ల దగ్గర మీ బుల్లి ట్రాన్స్‌మిటర్ పెడితే ఆ స్టేషన్‌దే గెలుపు, ఎఫ్ఎమ్ రేడియో బలమైనదాన్నే పట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న చోటు వెతుక్కోండి. బెంజి సర్కిల్లో ఖాళీగా దొరికిన నంబరు హైదరాబాద్ చేరేసరికి ఖాళీగా ఉండదు, అక్కడ మళ్ళీ వెతుక్కోవాలి.

బ్లూటూత్‌కి వద్దాం. "పాట ఫోన్లో మాట్లాడినట్టు వస్తోంది" అని ఎవరైనా అంటే, అది కూడా అక్షరాలా నిజమే. బ్లూటూత్‌లో కాల్స్‌కి ఒక దారి, పాటలకి వేరే దారి ఉంటాయి. కాల్స్ దారి మోనో, సన్నది. పాటల దారి పేరు ఏ2డీపీ, అది స్టీరియో. ఏదో ఒక యాప్ మైకుని పట్టుకుని వదలకపోతే పాట కాల్స్ దారిలో వస్తుంది. ఆ యాప్ మూసేయండి. అసలు పాటే రాకుండా కాల్స్ మాత్రమే వస్తుంటే, ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ కారు పేరు కింద మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంకో గొడవ, ఇంటి ముందు బండి స్టార్ట్ చేయగానే అది లోపలున్న ఆవిడ ఫోనుకి కనెక్ట్ అయిపోతుంది. వంటింట్లో ఆవిడ చూస్తున్న సీరియల్ డైలాగులు కార్లో వినిపిస్తాయి. బ్లూటూత్ అందే దూరం సుమారు పది మీటర్లు, మన ఇళ్ళల్లో వంటిల్లు అంతకంటే దూరం ఉండదు కదా. సెట్టులో జతచేసిన ఫోన్ల లిస్టు తీసి, అక్కర్లేనివి తీసేయండి.

క్వాలిటీ విషయంలో బ్లూటూత్‌ని తిట్టడం ఒక ఫ్యాషన్. పాటని కుదించి పంపడానికి అన్ని పరికరాలకీ తెలిసిన ఎస్‌బీసీ అనే పద్ధతిలో మామూలుగా 328 కేబీపీఎస్ (సెకనుకి 328 వేల బిట్లు) దాకా వస్తుంది. ఏసీ ఫ్యాను తిరుగుతూ, టైర్ల మోతలో, హైవే మీద ఎనభైలో వెళ్తున్న బండికి అది చాలు. మీ పాట నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో నలిగి వచ్చిందైతే ఏ పద్ధతీ దాన్ని బాగుచేయలేదు. ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. అయిదు నిమిషాల పాట రెండు ఎంబీలే ఉంటే అందులో ఏమీ మిగల్లేదని అర్థం. దాన్ని 320కి కన్వర్ట్ చేస్తే సైజు పెరుగుతుంది అంతే.

పెన్‌డ్రైవ్ చదవట్లేదంటే ముందు ఫార్మాట్ చూడండి. చాలా సెట్లకి ఫ్యాట్32 తప్ప వేరేది తెలియదు. పాటల పేర్లు తెలుగులో ఉంటే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి, ఆ సెట్టులో తెలుగు ఫాంటు లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు మార్చుకోండి. భక్తి పాటల మధ్యలో ఐటెం సాంగ్ వస్తోందని ఒక పెద్దాయన బాధపడ్డారు. కొన్ని సెట్లు కాపీ చేసిన వరుసలోనే పాడతాయి, వేరే ఫోల్డరు పెట్టి మొదటి నుంచి వరుసగా కాపీ చేస్తే సరిపోతుంది. ఫోనుకి కేబుల్ పెడితే ఛార్జింగ్ అవుతుంది గానీ ఫోను యాప్‌లని కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో రావట్లేదంటే కేబుల్ని అనుమానించండి. కొన్ని చవక కేబుళ్ళలో పవరుకి రెండు తీగలే వేసి, డేటా తీగలు ఎగ్గొడతారు.

ఇప్పుడు వాట్ల సంగతి. సెట్టు మీద 50X4 అని రాసి ఉంటుంది, అంటే నాలుగు స్పీకర్లకి ఒక్కోదానికి 50 వాట్లు అని. నమ్మకండి. ఇంజను నడుస్తుంటే బండిలో సాధారణంగా ఉండేది 14.4 వోల్టుల దాకా. స్పీకరు 4 ఓమ్‌లు. 14.4ని 14.4తో గుణించి, 4కి రెట్టింపైన 8తో భాగించండి, సుమారు 26 వస్తుంది. మామూలు సెట్టు ఒక్కో స్పీకరుకి శుభ్రంగా ఇవ్వగలిగింది మహా అయితే 26 వాట్లు, నిజానికి ఇంకా తక్కువే. మరి 50 ఎక్కడిది? 8 బదులు 4తో భాగించండి, 52 దగ్గరకి వస్తుంది. అంటే అలల తలలన్నీ నరికేసి, చదునుగా గోడలాగా మారిన శబ్దానికి ఆ లెక్క. అది పాట కాదు, రొద. ఆ రొదలోనే ట్వీటర్లు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, కాలిపోతాయి. స్పీకర్లు పోయాయని తెచ్చినప్పుడు "వాల్యూం ఎంతలో పెడతారు?" అని తప్పకుండా అడగండి.

చాలామంది ఫోన్లో సౌండ్ తక్కువ పెట్టి, సెట్టులో ఆఖరి దాకా తిప్పుతారు. పాటతో పాటు ఉస్స్ అనే మోత కూడా పెరుగుతుంది. పైగా ఆక్స్ నుంచి రేడియోకి మార్చగానే గుండె ఆగినంత పని అవుతుంది. ఫోన్లో ముప్పావు పైనే ఉంచి, మిగతాది సెట్టులో సర్దుకోండి. గర్రుమంటే ఫోన్లో ఒక గీత తగ్గించండి.

డ్రైవర్ సోదరులకి ఒక్క మాట. 2019 సవరణ తర్వాత తోలుతూ ఫోను చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కిందికి వస్తుంది, మొదటిసారికే అయిదు వేల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. పాట మార్చాలంటే స్టీరింగ్ మీద బటన్లు వాడండి, లేదా పక్క సీటువాళ్ళకి చెప్పండి.

కింద రెండు బండ్లు పెట్టించాను. ఒకదాంట్లో గ్రౌండు కోసేసిన ఆక్స్ వైరు ఉంది, రెండోదాంట్లో ఛార్జరు కూత ఉంది. ఏది ఏదో నేను చెప్పను. కుర్రాళ్ళు ముందు రండి, మల్టీమీటర్లు ఇక్కడే బల్ల మీద పెట్టేసి దిగండి.