మద్రాసు హోటల్ గదిలో దొరకని పేజీ
(గ్రంథాలయ వారోత్సవాల తొలిరోజు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న అమ్మలకు, అయ్యలకు, వెనక బల్లల మీద ఒదిగి కూర్చున్న పిల్లలకు నమస్కారం. కార్యదర్శి గారు నాకు ‘పుస్తక పఠనం – ప్రయోజనాలు’ అనే విషయం ఇచ్చారు. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున క్యాలెండరులో నవంబరు 14 చూసినప్పటి నుంచి మనసు మరోచోట ఉంది. 1952లో ఇదే తేదీకి, ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు చేస్తున్న నిరాహార దీక్ష 27వ రోజుకు చేరింది. అందుకని ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను. కార్యదర్శి గారు మన్నించాలి.

ఒక్కసారి చేతులెత్తండి. మీలో చెన్నై వెళ్ళొచ్చినవాళ్ళు ఎందరు? చాలామందే ఉన్నారు. ఎందుకు వెళ్ళారు? ఆసుపత్రికి, లేకపోతే పెళ్ళి బట్టలకు. నేనూ అంతే. రెండేళ్ళ కిందట మా ఆవిడ కంటి ఆపరేషన్‌కని వెళ్ళి, టి.నగర్‌లో ఒక పెద్ద హోటల్లో నాలుగు రోజులు ఉన్నాం. ఆరో అంతస్తు. కిటికీ తెర తొలగిస్తే కింద దట్టంగా చెట్లు, వాటి చుట్టూ తిరిగే బస్సులు. రాత్రి ఆమె కంటికి పట్టీతో నిద్రపోతుంటే, చిన్న దీపం వెలుతురులో బల్ల మీది అట్టపుస్తకం తిరగేశాను. ఫలహారం వేళలు, బట్టలు ఉతికించుకునే ధరలు, చీరల దుకాణాలు, నగల దుకాణాలు, మెరీనా బీచ్. చివరి అట్ట దాకా చూశాను. ఆ ఊరి కథ ఒక్క వాక్యం కూడా లేదు.

తెల్లవారి లిఫ్టు దగ్గర సామాన్లు మోసే పెద్దాయన తెలుగులో పలకరించారు. “ఆ చెట్లున్న పార్కు పేరేమిటండీ?” అన్నాను. “పానగల్ పార్కు సార్. మన రాజావారి పేరే” అన్నారు. ఆ ‘మన’ అన్న మాట నన్ను వదల్లేదు. శ్రీకాళహస్తిలో పుట్టిన పానుగంటి రామారాయణింగారే ఆ పానగల్లు రాజా. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. సరే, టి.నగర్‌లో ‘టి’ ఎవరు? పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగింటి మనిషి. 1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచాక, ముఖ్యమంత్రి పదవి ముంగిట్లోకి వస్తే వద్దన్న నాయకుడు. మనం చీరల సంచులు పట్టుకుని తిరిగే పేటకు ఆయన పేరే పెట్టారు. ఎన్నిసార్లు తిరిగాం ఆ వీధుల్లో! ఒక్కసారైనా అడిగామా?

హోటల్ కౌంటరులో ఉన్న కుర్రవాణ్ణి అడిగాను, పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇల్లు ఎక్కడ బాబూ అని. ఫోనులో వెతికి నెల్లూరు జిల్లా పటం చూపించాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరు చెప్పారు కనుక? నా బాధంతా మన గురించి. ఆయన పుట్టిందీ మద్రాసులోనే, 1901లో. పోయిందీ అక్కడే, మైలాపూరులో, రాయపేట హైరోడ్డు 126వ నంబరు, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. ఇప్పుడది స్మారక భవనం. టి.నగర్ నుంచి ఆటోలో వెళ్ళి రావచ్చు.

మేమూ ఆటోలోనే వెళ్ళాం. మా ఆవిడను దిగవద్దన్నాను, ఎండ, దుమ్ము. ఆమె వినలేదు. నల్లకళ్ళద్దాలతో నా భుజం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, బోర్డు మీది పేరు నా చేత పైకి చదివించుకుంది. “ఎన్ని రోజులు?” అని అడిగింది. 58 రోజులన్నాను. అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15తో ముగిసింది. నాలుగు రోజులకు నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఇరవై ఏడో రోజంటే సగం కూడా కాలేదు, ఆలోచించండి. ఇవాళ మనం మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఇక్కడ కూర్చున్నాం.

పుస్తకాల మాట చెప్పమన్నారు కదా, అదీ చెబుతాను. పిల్లలూ, ఆ మూల బీరువాలోని పాత ప్రబంధాలు తెరవండి. ముఖపత్రం అడుగున ‘వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్, చెన్నపురి’ అని ఉంటుంది. 1854లో మొదలైన ముద్రణాలయం. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో వెలువడిందీ ఆ చెన్నపురిలోనే, అంటే మద్రాసులోనే. మన తాతలు చదువుకున్న తెలుగులో ఎంతో భాగం ఆ ఊళ్ళో అచ్చయి, రైలెక్కి మన ఊళ్ళకు వచ్చింది.

హోటలువాళ్ళు ఆ పేజీ వేయలేదు కాబట్టి నేనే రాశాను. ఒకే కాగితం. పార్కు, పేట పేరు, మైలాపూరు ఇల్లు, వెళ్ళే దారి. యాభై ప్రతులు ఆ బల్ల మీద ఉన్నాయి. కార్యదర్శి గారూ, గ్రంథాలయం తరఫున మరికొన్ని తీయించి, మనవాళ్ళు దిగే లాడ్జీలకు పంపిద్దాం. ఖర్చులో సగం నాది.

మూడో వరసలో కూర్చున్న అమ్మా, మీ అమ్మాయి పెళ్ళి బట్టలకు వచ్చే నెల వెళ్తున్నామని ఇందాక అన్నారు. మొదటి కాగితం మీరే తీసుకోవాలి. డిసెంబరు 15 లోపు వెళ్తే, ఒక్క పూట అటు కూడా వెళ్ళండి.