పన్నుని వాళ్లూ ‘దంద్’ అనే అంటారు

అందరికీ నమస్కారం.

ఐరోపాలో రోమాలనే జనం ఉన్నారు, బయటివాళ్లు జిప్సీలనేది వీళ్లనే. వాళ్ల రోమానీ భాషలో పన్నుని ‘దంద్’ అంటారు. నీళ్లని ‘పానీ’ అంటారు. ఈ రెండు మాటలకీ మనలో ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు. ఐరోపాలో రోమాలు కోటి నుంచి కోటీ ఇరవై లక్షల దాకా ఉంటారని అంచనా. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కింద వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్లు. మన లంబాడీలూ వాళ్లూ ఒకటేనని వాదించేవాళ్లున్నారు. ఆ చుట్టరికం తేల్చడానికి నేను రాలేదు. నేను మాట్లాడేది ఆ రెండు మాటల గురించే.

ముందు పన్ను. చాలా దేశాల సర్వేల్లో, చుట్టుపక్కల పిల్లల కంటే రోమా పిల్లల్లోనే పిప్పి పళ్లు ఎక్కువని తేలింది. అది ఎలా మొదలవుతుందో మీరు దగ్గర్నుంచి చూడాలి. రెండేళ్ల పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పై పెదవి మెల్లగా ఎత్తండి. ముందు పళ్ల మీద, చిగురు అంచున, సున్నంతో గీసినట్టు తెల్లటి చార కనబడితే అదే మొదలు. అప్పటికింకా గుంట పడలేదు, పన్నుని కాపాడుకోవచ్చు. వదిలేస్తే ఆ చార పసుపు రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. చివరికి చిగురు దగ్గర మొద్దు మిగులుతుంది. తమాషా ఏంటంటే, కింది ముందు పళ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి. సీసా చప్పరించేటప్పుడు నాలుక వాటిని కప్పి ఉంచుతుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది. పై పళ్ల చుట్టూ మాత్రం తీపి టీయో, పంచదార నీళ్లో రాత్రంతా నిలవ ఉంటాయి.

“పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే.” ఈ మాట వినడానికి రోమాలుండే స్లొవేకియా దాకా వెళ్లక్కర్లేదు, మన ఇళ్లలోనే వింటాం. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. కానీ పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. నాలుగేళ్లకే దవడ పన్ను పుచ్చిన పిల్ల ఇంకో ఆరేళ్లో ఏడేళ్లో దానితోనే నమలాలి, నిద్రపోవాలి, బడిలో కూర్చోవాలి.

ఇక నీళ్లు. ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ 2021 సర్వే ప్రకారం రోమాల్లో 22 శాతం మంది ఇళ్లలో కొళాయి లేదు. తూర్పు స్లొవేకియాలో కొన్ని పేటలకి వాగో, ఒకే ఒక్క చేతిపంపో దిక్కు. జనవరిలో, నేల గడ్డకట్టినప్పుడు, బకెట్ మోసుకొచ్చిన తల్లిని తలచుకోండి. ఆ నీళ్లు ముందు వంటకి, తర్వాత పసివాడి గుడ్డలకి. మనం దంతవైద్య క్యాంపులకి ప్లాస్టిక్ దవడా, మూరెడు బ్రష్షూ పట్టుకెళ్లి గుండ్రంగా తోమడం చూపిస్తాం. “మీకు నీళ్లెక్కడివి?” అని మాత్రం అడగం.

అడిగితే చెప్పగలిగిన మంచి మాట ఒకటుంది. ఫ్లోరైడ్ పేస్టుతో తోమాక ఉమ్మేస్తే చాలు, పుక్కిలించక్కర్లేదు. పుక్కిలిస్తే పళ్ల మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. మూడేళ్ల లోపు వాళ్లకి బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు. ఫ్లోరైడ్ అనగానే మనకి నల్గొండ గుర్తొచ్చి గుండె దడదడలాడుతుంది. అక్కడ గొడవ, ఏళ్ల తరబడి తాగే నీళ్లలో అది మోతాదు మించి ఉండటం. ఈ గింజంత పేస్టుతో ఆ ముప్పు రాదు.

“ఎంత చెప్పినా వీళ్లు డాక్టర్ దగ్గరికి రారండీ” అనే ఫిర్యాదు నేను చాలాసార్లు విన్నాను. ఎందుకు రావాలి? చెక్, స్లొవేకియా కలిసి ఒకే దేశంగా ఉన్న చెకోస్లొవేకియా కాలం నుంచీ రోమా ఆడవాళ్లకి ఎన్నో ఆస్పత్రుల్లో వాళ్ల ఇష్టం లేకుండా, కొన్నిసార్లు వాళ్లకి తెలియకుండానే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. పరిహారం కోసం చెక్ పార్లమెంటు చట్టం చేసింది 2021లో. స్లొవేకియా ప్రభుత్వం క్షమాపణ చెప్పిందీ ఆ ఏడాదే. ఆ అమ్మమ్మలు ఇంకా బతికే ఉన్నారు. మనవడికి పన్ను నొప్పంటే తెల్లకోటు దగ్గరికి పంపేముందు వాళ్లు ఆలోచించరా?

దీనికి రుమేనియా ఒక దారి వెతుక్కుంది. 2002 నుంచి ప్రభుత్వమే ఆరోగ్య మధ్యవర్తుల్ని పెట్టింది. ఎక్కువగా రోమా ఆడవాళ్లే. మన ఆశా వర్కర్ పనికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే డాక్టరు మాట తల్లికి చెప్పడంతో సరిపోదు, తల్లి మాట డాక్టరుకీ చెప్పాలి. పుట్టిన సర్టిఫికెట్ లేని పిల్లకి కాగితాలు తెప్పించేదీ ఆవిడే. కాగితం లేనిదే బీమా లేదు.

చివరిగా ఒక మందు సంగతి. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. డ్రిల్లింగ్ లేదు, ఇంజెక్షన్ లేదు. చిన్న బ్రష్‌తో ఒక్క చుక్క పూస్తే చాలా పళ్లలో పుచ్చు ముందుకి పోకుండా ఆగుతుంది. కరెంటు లేని చోట కూడా పనికొస్తుంది. పేటల్లో పనిచేసే డెంటిస్టుకి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ పూసిన చోట పుచ్చు బొగ్గులా నల్లబడుతుంది, ఆ నలుపు ఇక పోదు. చెక్, స్లొవేకియా వీధుల్లో రోమాల్ని తిట్టేమాట ‘నల్లవాళ్లు’. ఆ పిల్లాడు రేపు బడిలో నవ్వితే ఏమవుతుందో మనకంటే వాళ్లమ్మకే బాగా తెలుసు.

కాబట్టి ఆ మందు సీసా మూత తీయకముందే నల్లబడ్డ పన్ను ఫోటో ఆమెకి చూపించండి. “వెనక పళ్లకి సరే, ముందు పళ్లకి వద్దు” అంటే అక్కడితో ఆగండి. ముందు పళ్లకి గ్లాస్ అయనోమర్ ఉంది, అంటే పన్ను రంగులో ఉండే ఫిల్లింగ్. దానికి టైం పడుతుంది, ఇంకోసారి రావాల్సి ఉంటుంది. ఆ రెండోసారి బస్సు చార్జీ ఎవరు పెట్టుకుంటారో కూడా ఆ రోజే మాట్లాడుకోవాలి.