ఔలుకు కంపెనీలు ఎందుకు వచ్చాయి, పోయాక మళ్ళీ ఎందుకు వచ్చాయి

(వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు, అధ్యాపకులు, స్థానిక వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మా గురువులకు, విద్యార్థులకు నమస్కారం.

1959 అక్టోబరులో నెహ్రూ గారు మన ఊరికి వచ్చి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు మనం నిట్ అంటున్నది దాన్నే. అదే ఏడాది ఫిన్లాండ్ ఉత్తరాన, బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న ఔలు అనే ఊళ్ళో యూనివర్సిటీ క్లాసులు మొదలయ్యాయి. నేను మొదటిచోట చదువుకున్నాను. రెండోచోట చాలా ఏళ్ళుగా రేడియో పరిశోధనలో పనిచేస్తున్నాను. అందుకే, రాజధాని కాని ఒక యూనివర్సిటీ నగరానికి పెట్టుబడులు ఎలా వస్తాయో మాట్లాడమని మీరు అడిగినప్పుడు, నాకు కళ్ళారా తెలిసిన ఔలు సంగతే చెబుతానన్నాను.

ముందు ఆ ఊరు ఎలా ఉంటుందో చెప్పాలి. హెల్సింకి నుంచి 600 కిలోమీటర్లు ఉత్తరానికి పోవాలి. జనాభా రెండు లక్షల చిల్లర, అంటే మన వరంగల్‌లో మూడో వంతు కూడా లేదు. డిసెంబరు చివర్లో సూర్యుడు మూడున్నర గంటలు కనిపిస్తే గొప్ప. సముద్రం గడ్డకడుతుంది. ఆ మంచులోనే జనం సైకిళ్ళ మీద ఆఫీసులకు, పిల్లలు బడులకు పోతుంటారు. ఇలాంటి చోటికి బయటి దేశపు కంపెనీ వచ్చి ఆఫీసు ఎందుకు పెడుతుంది? స్థలం చవక అనా? వాతావరణం బాగుందనా? రెండూ కావు.

ఈ ఊరు పాతకాలంలో తారు అమ్ముకుని బతికింది. పైన్ చెట్ల నుంచి తీసిన తారును చెక్క ఓడలకు పూసేవాళ్ళు. యూరప్ ఓడలన్నిటికీ అది కావాలి కాబట్టి ఔలు వర్తకులు బాగా సంపాదించారు. ఇనుప ఓడలు వచ్చాక తారు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. తర్వాత కాగితపు గుజ్జు, ఎరువులు వచ్చాయి. అయినా 1950, 60ల్లో ఉత్తరాది యువకులు పని కోసం హెల్సింకికో, పక్కనున్న స్వీడన్‌కో పోతూనే ఉన్నారు. మన పాలమూరు వలసలు గుర్తున్నవాళ్ళకు ఆ బాధ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

యూనివర్సిటీ పెట్టింది ఆ వలసను ఆపడానికే. మొదట్లో వాళ్ళు కోరుకున్నది ఉత్తరాదికి కావలసిన డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వస్తుందని ఎవరూ కలగనలేదు. 1965లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగం మొదలైంది. 1970ల్లో నోకియా తన రేడియో టెలిఫోన్ల పనిని ఈ ఊరికి తెచ్చింది. 1974లో వీటీటీ అనే జాతీయ పరిశోధన సంస్థ తన ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలను ఔలులో పెట్టింది. చదువు చెప్పేచోటు, పరిశోధన చేసేచోటు, వస్తువు తయారుచేసేచోటు ఒకే ఊళ్ళోకి వచ్చాయి. ఈ రోజుకీ లిన్నన్మా అనే పేటలో యూనివర్సిటీ, వీటీటీ, కంపెనీల భవనాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకచోట మీటింగ్ అయిపోయాక పది నిమిషాలు నడిస్తే రెండోచోటికి చేరతాం.

దీని వల్ల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. సెప్పో సయ్‌నయకాంగాస్ అని ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్ ఉండేవారు. మంచు మీద స్కీయింగ్ చేసే ఆటగాళ్ళ గుండె వేగాన్ని ఆట మధ్యలోనే కొలవడం ఎలా అన్న ఆలోచన ఆయనను పట్టుకుంది. 1977లో పోలార్ అనే కంపెనీ పెట్టారు. 1982లో వైరు లేకుండా ఒంటిమీద పెట్టుకునే గుండె వేగం మీటరును మార్కెట్లోకి తెచ్చారు, ప్రపంచంలో అదే మొదటిది. ఔలు పక్కన కెంపెలేలో ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఈ సంగతిని మనసులో పెట్టుకోండి, ముప్పై ఏళ్ళ తర్వాత దీనికి ఇంకో కొమ్మ వస్తుంది.

అదే 1982లో నగరం ఒక ధైర్యం చేసింది. నార్డిక్ దేశాలన్నిటిలో మొదటి టెక్నాలజీ పార్కును అక్కడ మొదలుపెట్టారు. వాళ్ళ భాషలో దాని పేరుకు టెక్నాలజీ పల్లె అని అర్థం. తర్వాత అదే టెక్నోపొలిస్ అనే పెద్ద కంపెనీ అయి 1999లో హెల్సింకి స్టాక్ ఎక్స్చేంజిలోకి ఎక్కింది. మొదలుపెట్టిన రోజున అందులోకి రావడానికి పెద్ద కంపెనీలేవీ బయట క్యూ కట్టలేదు. కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్ళు, చిన్న చిన్న ఆలోచనలున్నవాళ్ళు చేరారు. నగరం వాళ్ళకు గదులిచ్చింది.

ఇక ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు ఔలుకు పండగే. కారు ఫోన్లు, తర్వాత 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన జీఎస్ఎం అనే డిజిటల్ మొబైల్ ఫోన్ల పద్ధతి, టవర్ల మీద ఉండే బేస్ స్టేషన్లు, ఫోన్ లోపలి రేడియో భాగం, వీటి మీద ఊళ్ళో వేలమంది పనిచేశారు. యూనివర్సిటీలో యార్కో ఓయ్‌కారినెన్ అనే విద్యార్థి 1988 వేసవిలో ఇంటర్నెట్ రిలే చాట్ రాశాడు. ఇప్పుడు మనం ఫోన్లలో పెట్టుకునే గ్రూపు కబుర్లకు అది పెద్దన్న. 2003లో నగరం, యూనివర్సిటీ కలిసి ఊళ్ళో అందరికీ ఉచిత వైఫై పెట్టాయి.

ఇక్కడే ఔలు ఒక తప్పు చేసింది. నాకు ఆ ఊరంటే ప్రాణం, అయినా చెప్పాలి. తారు పోయినప్పుడు నేర్చుకున్న పాఠాన్ని మరిచిపోయింది. నోకియా అనే ఒంటిస్తంభం మేడలో ఉంటున్నామని చాలామందికి తెలుసు, ఆ స్తంభం మాత్రం కదలదనుకున్నారు.

2010లో నోకియా తన మోడెమ్ విభాగాన్ని, అంటే ఫోన్‌ను సెల్ నెట్‌వర్కుకు కలిపే భాగం తయారుచేసే విభాగాన్ని, జపాన్‌కు చెందిన రెనెసాస్‌కు అమ్మింది. 2013లో రెనెసాస్ దాన్ని అమెరికా కంపెనీ బ్రాడ్‌కామ్‌కు అమ్మింది. 2014లో బ్రాడ్‌కామ్ అసలు ఆ వ్యాపారమే వదులుకుంది. అవే కుర్చీలు, అదే పని. నాలుగేళ్ళలో మెడలోని బ్యాడ్జి రెండుసార్లు మారి, చివరికి బ్యాడ్జే లేకుండా పోయింది. అదే ఏడాది నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. జూలైలో మైక్రోసాఫ్ట్ ఔలు యూనిట్‌ను మూసేస్తామని ప్రకటించింది, సుమారు 500 ఉద్యోగాలు.

ఫిన్లాండ్‌లో జూలై అంటే సెలవుల నెల. అందరూ సరస్సుల పక్కన చిన్న చెక్క ఇళ్ళలో ఉంటారు. మా పక్కింటాయన అప్పటికి పదిహేనేళ్ళుగా రేడియో సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. ఏ కంపెనీలో అన్నది ఇక్కడ అవసరం లేదు. చేపలు పడుతుండగా ఫోన్ వచ్చిందట. ఊరికి తిరిగొచ్చి మా ఇంటికి వచ్చాడు, కాఫీ ఇచ్చాం. అరగంటసేపు మాట్లాడలేదు. ఇంటి లోను, ఇద్దరు పిల్లలు. "ఇక్కడ ఈ ఇల్లు ఇప్పుడు ఎవరు కొంటారు?" అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి నా భార్య "మనం కూడా సర్దుకుందామా?" అంది. మాకే అంత టెన్షన్ అయితే ఉద్యోగం పోయినవాళ్ళ సంగతి మీరే ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీరంతా కాకతీయుల చెరువుల మధ్య పుట్టినవాళ్ళు. గొలుసుకట్టు చెరువు ఎలా పనిచేస్తుందో తెలుసు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు వృథాగా పోవు, కింది చెరువు పట్టుకుంటుంది. కింద చెరువు లేకపోతే అదే నీరు పొలాల మీద పడి, ఊళ్ళు ముంచి, వాగులో కలిసిపోతుంది. 2014లో ఔలులో కట్ట తెగింది. ఎన్నో ఏళ్ళు చదివి, ఇంకెన్నో ఏళ్ళు చేసి నేర్చుకున్న రేడియో విద్య వందల మంది తలల్లో ఉంది. వాళ్ళు ఆరు నెలల్లో ఊరు విడిచిపోతే, ఇక ఎన్ని భవనాలు కట్టినా ఆ నీళ్ళు మళ్ళీ రావు.

నగరం చేసిన మంచి పని, ఆ ఆరు నెలల విలువ గుర్తించడం. బిజినెస్ ఔలు అని నగర పాలక సంస్థకు ఒక విభాగం ఉంది. వాళ్ళు పరాయి కంపెనీల దగ్గరికి పోయి "మా ఊరికి రండి, బాగుంటుంది" అని చెప్పలేదు. ఎల్‌టీఈ, అంటే 4జీ, మోడెమ్ తయారుచేసిన టీములు టీములుగా మా దగ్గర ఖాళీగా ఉన్నాయి, మీరు విడివిడిగా వెతుక్కుంటే ఏళ్ళు పడుతుంది, ఇక్కడ ఒకేసారి దొరుకుతారు, కూర్చోవడానికి గదులూ సిద్ధంగా ఉన్నాయి, అన్నది వాళ్ళ మాటల సారం. అంతకుముందే నోకియా తన ఉద్యోగులకు సొంతంగా కంపెనీ పెట్టుకోవడానికి మనిషికి 25,000 యూరోల దాకా సాయం ఇచ్చే పథకం నడిపింది. 2015లో బ్రాడ్‌కామ్ ఉద్యోగుల కోసం యూరోపియన్ యూనియన్ తన ప్రత్యేక నిధి నుంచి 13 లక్షల యూరోలకు పైగా మంజూరు చేసింది. శిక్షణకు, కొత్త పని వెతుక్కోవడానికి ఆ డబ్బు.

కింది చెరువులు పట్టుకున్నాయి. నార్వే కంపెనీ నార్డిక్ సెమీకండక్టర్ ఔలులో ఆఫీసు తెరిచి ఆ మోడెమ్ ఇంజనీర్లను తీసుకుంది. చిన్న చిన్న పరికరాలను సెల్ నెట్‌వర్కుకు కలిపే చిప్పుల మీద వాళ్ళు పనిచేశారు. తైవాన్ నుంచి మీడియాటెక్ వచ్చింది. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఒకే ఒక్క కారణం, ఆ మనుషులు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న గుండె మీటరు కొమ్మ కూడా ఇక్కడే చిగురించింది. 2013లో ఊరా అనే కంపెనీ ఔలులో పుట్టింది. వేలికి పెట్టుకునే ఉంగరంతో నిద్రను, గుండె వేగాన్ని కొలుస్తుంది. 2024 చివరికి దాని విలువను 500 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. ఒంటిమీద పెట్టుకునే పరికరాల విద్య ఆ ఊళ్ళో ఆ ప్రొఫెసర్ నాటి నుంచీ ఉంది కాబట్టే అది అక్కడ పుట్టింది.

మన దగ్గర పెట్టుబడి అనగానే స్థలం ఎంతకిస్తారు, కరెంటు ఎంతకిస్తారు, పన్నులో ఎంత వదులుతారు అన్న మాటే ముందు వస్తుంది. ఔలు నగరానికి ఆ దారి దాదాపు లేదు. ఫిన్లాండ్‌లో కంపెనీ పన్ను దేశమంతా ఒకటే, 20 శాతం. ఒక నగరం తన ఇష్టానికి తగ్గించలేదు. ప్రభుత్వాలు కంపెనీలకిచ్చే సాయానికి యూరోపియన్ యూనియన్ నియమాలు అడ్డుగా ఉంటాయి. కాబట్టి చేతిలో ఉన్నదాన్నే చూపించాలి. 5జీ పరీక్షించుకోవడానికి యూనివర్సిటీ, వీటీటీ కలిసి నడిపే నిజమైన నెట్‌వర్క్ ఉంది, వచ్చి మీ పరికరం పెట్టి చూసుకోండి అంటారు. వైద్య పరికరం చేస్తున్నారా, యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులతో కలిసి పరీక్షించుకునే ప్రయోగశాల ఉంది అంటారు. ఇవి వేరే ఊరు రాత్రికి రాత్రి పోటీగా పెట్టగలిగేవి కావు. రాయితీని మాత్రం పక్క ఊరు ఎప్పుడైనా ఇంకాస్త ఎక్కువ ఇవ్వగలదు. రాయితీ కోసం వచ్చినవాడు దాని గడువు తీరగానే లెక్కలు చూసుకుంటాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సంగతి. ఫిన్లాండ్‌లో ఉద్యోగి జీతం మీద పన్నులో ఒక వాటా నేరుగా అతను ఉండే నగరానికి పోతుంది. మన దగ్గర ఆదాయపు పన్ను కేంద్రానికి పోతుంది. అందుకే అక్కడి నగరం ఒక ఇంజనీరు ఊరు విడిచిపోతుంటే తన ఖజానాకు చిల్లు పడుతున్నట్టు చూస్తుంది. ఆ శ్రద్ధకు ప్రేమతో పాటు ఈ కారణం కూడా ఉంది.

2018లో మా యూనివర్సిటీలో 6జీ మీద పరిశోధన కార్యక్రమం మొదలైంది, ప్రపంచంలో ఈ తరహావాటిలో మొదటిది. అప్పటికి 5జీయే సరిగ్గా రాలేదు, అప్పుడే 6జీ ఏమిటని అడిగినవాళ్ళు ఉన్నారు. పదేళ్ళ ముందు మొదలుపెడితేనే, కంపెనీలకు అవసరం వచ్చేనాటికి పీహెచ్‌డీ చేసినవాళ్ళు చేతికొస్తారు. బేస్ స్టేషన్ల పనిని నోకియా ఔలులో ఎప్పుడూ వదల్లేదు. 2025లో అక్కడ కొత్త క్యాంపస్ తెరిచింది, సుమారు 3,000 మంది పనిచేసే చోటు. ఫోన్లు పోయినా రేడియో పోలేదు.

అన్నీ బాగున్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. బయటి దేశం నుంచి వచ్చే ఇంజనీరుకు ఉద్యోగం దొరుకుతుంది, అతని భార్యకో, ఆమె భర్తకో దొరకడం కష్టం. ల్యాబులో అంతా ఇంగ్లీషే, కానీ బ్యాంకులో, బడిలో, దుకాణంలో ఉద్యోగం కావాలంటే ఫిన్నిష్ రావాలి. అది అంత తేలిగ్గా వచ్చే భాష కాదు. నా భార్య టీచరు. మళ్ళీ పాఠం చెప్పడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో మేము ఎన్నిసార్లు పెట్టెలు సర్దబోయామో మాకే తెలుసు. కంపెనీని రప్పించడానికి పడే కష్టంలో పదోవంతు ఆ కుటుంబం కోసం పడినా ఎంతోమంది నిలబడతారు. ఈ మాట నేను అక్కడి సమావేశాల్లోనూ చెబుతూనే ఉన్నాను.

మా పక్కింటాయన ఇల్లు అమ్మలేదు. ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు, మధ్యలో యూనివర్సిటీలో ఒక కోర్సు చేశాడు, పాత సహోద్యోగులు ముగ్గురితో కలిసి పారిశ్రామిక సెన్సార్ల కంపెనీ పెట్టాడు. ఇప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. నిరుడు వాళ్ళకు ఒక రేడియో ఇంజనీరు కావాల్సి వస్తే నన్ను అడిగాడు. నేను ఈ కాలేజీలో చదివిన ఒక అమ్మాయి పేరు చెప్పాను. ఆమె చేరింది. మొదటి చలికాలం ఎలా గడపాలో నా భార్య దగ్గరుండి నేర్పింది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక మీరు అడగండి. ముందుగా వెనక వరుసల్లో నిలబడి ఉన్న విద్యార్థులకు మైకు ఇవ్వండి.