బతకలేక బడిపంతులా? పర్లాకిమిడి మాస్టారితో కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ పర్లాకిమిడి నుంచి. ఒడిశాలోని గజపతి జిల్లాలో చాలా ఏళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్న మాస్టారు మనతో ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, అందుకే మాస్టారనే పిలుస్తాను. మాస్టారూ, మొదటి ప్రశ్న కాస్త మొరటుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ‘బతకలేక బడిపంతులు’ అంటారు కదా, మీరు ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారు?

మాస్టారు: అనుకోవడానికి ఏముందమ్మా! బతకడానికే వచ్చాను. మా నాన్నగారికి భూమి లేదు. ట్రైనింగ్ అయితే ఉద్యోగం వస్తుంది, ఊరికి దగ్గర్లో ఉండొచ్చు అన్నారు. జీతం కోసం వచ్చానని చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఇప్పుడు పిల్లలు నా దగ్గరకొచ్చి ‘నాకు ప్రేరణ లేదు మాస్టారూ, టీచర్ అవ్వొచ్చా’ అని అడుగుతుంటారు. ప్రేరణ ముందే ఉండాలని వాళ్లకు ఎవరు చెప్పారో మరి. నేను చూసినంతలో అది తరగతిలోకి వెళ్లాకే వస్తుంది. ఇచ్చేది పిల్లలే.

హోస్ట్: మీకెప్పుడు వచ్చింది?

మాస్టారు: నాలుగో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పుస్తకంలో లెక్క ఇస్తే కనిపించిన అంకెలన్నీ కూడేసేవాడు. ఒకసారి సంతలో చూశాను, వాళ్లమ్మ పక్కన కూర్చుని అనాసపళ్లు అమ్ముతున్నాడు. ఒకటి 35 రూపాయలు. ఒకాయన మూడు తీసుకుని 200 నోటిచ్చాడు. వాడు కాగితం లేదు, వేళ్లు లేవు, 95 తిరిగిచ్చేశాడు. గుణకారం, తీసివేత రెండూ అయిపోయాయి అందులో.

హోస్ట్: మరి బడిలో?

మాస్టారు: మర్నాడు అదే లెక్క పుస్తకంలోలాగా ఒడియాలో రాసిచ్చాను. రాలేదు. తెలుగులో, అనాసపళ్ల పేరుతో అడిగాను. నేను ముగించేలోపే చెప్పాడు. అప్పుడు పట్టుకుందమ్మా నన్ను. వీడి తలలో లెక్క ఎక్కడుంది, కాగితం మీదికి రాకుండా ఎక్కడ ఆగిపోతోంది? అది తెలుసుకోవాలన్న పట్టుదలే ఇన్నాళ్లూ నన్ను బడికి నడిపిస్తోంది. భాష ఒక్కటే కారణం అనను. 2025లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేసింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు బేరంలో లెక్క తప్పరు, అదే లెక్క బడి పద్ధతిలో అడిగితే తడబడతారు. బడికెళ్లే పిల్లలదేమో దానికి తిరగబడిన కథ. రెండింటికీ మధ్య వంతెన వేసేవాళ్లు కావాలి. ఆ పని టీచరుది కాక ఇంకెవరిది?

హోస్ట్: ఈ ఊళ్లో ఉండి గిడుగు వారిని తలుచుకోకుండా ఉండలేం.

మాస్టారు: తలుచుకోవాల్సిందే. గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషా ఉద్యమం వల్ల గుర్తుపెట్టుకున్నాం, ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. కానీ ఆయన మొదట ఈ ఊరి బడిపంతులు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ పాసై, 1880లో ఇక్కడి రాజావారి బడిలో చేరేనాటికి ఆయనకు ఇంకా పదహారు పదిహేడేళ్లే. ఆయన్నీ మొదట నడిపించింది బతుకుదెరువే.

హోస్ట్: మరి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష వైపు ఆయన ఎలా వెళ్లారు?

మాస్టారు: సవరలు కొండ దిగి ఈ ఊరికి వస్తూ పోతూ ఉండేవారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలి అనుకున్నారు. చూడమ్మా, పిల్లలకు నా భాష రావాలి అనలేదు! సవరా తెలుగూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వాడి చెవుడు వచ్చిందంటారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి నడపమన్నారని చెబుతారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు, జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

హోస్ట్: అంత త్యాగం అంటే టీచర్ కాబోతున్న మాలాంటి వాళ్లకు టెన్షన్ వస్తుంది మాస్టారూ.

మాస్టారు: త్యాగం మాట పక్కన పెట్టు. పిల్లవాడికి ఎందుకు అర్థం కాలేదు అనే ప్రశ్న నిన్ను వదలకపోతే చాలు. అది విసుగనిపిస్తే మాత్రం ఈ ఉద్యోగం చాలా కష్టం, జీతం ఎంతున్నా.

హోస్ట్: వినేవాళ్లలో ట్రైనింగ్ గురించి ఆలోచిస్తున్నవాళ్లుంటారు.

మాస్టారు: ఒకటో తరగతి నుంచి ఐదు దాకా చెప్పాలనుంటే డీఎల్‌ఈడీ, అంటే ప్రాథమిక టీచర్ల ట్రైనింగ్ కోర్సు, చెయ్యండి. ఆ తరగతులకు బీఎడ్ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలో ఓటెట్, అంటే ఒడిశా టీచర్ల అర్హత పరీక్ష, కూడా పాసవ్వాలి. మన సరిహద్దు పిల్లలు ఇంకోటి తెలుసుకోవాలి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణ ఉంది, 1956లో చేర్చారు. కాగితం మీద ఉంది, సరే. తరగతిలోకి రావాలంటే రెండు భాషలూ వచ్చిన టీచర్లు కావాలి. ఆ టీచర్లు కాశీనగర్ నుంచి, గుసాని నుంచి, మన పిల్లల్లోంచే రావాలి.

హోస్ట్: నాకు వచ్చే నెల బీఎడ్ ఇంటర్న్‌షిప్ మాస్టారూ, గుసాని బ్లాక్‌లోనే వేశారు.

మాస్టారు: ఓహో, మంచిది! అయితే ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లు. నీ పాఠం ఎలా చెప్పావో రాయకు. ఏ ప్రశ్న దగ్గర ఏ పిల్ల ఆగిపోయింది, ఇంటి భాషలో అడిగితే ఏం చెప్పింది, అది రాయి. నెలాఖరుకి ఇటు రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

హోస్ట్: తప్పకుండా వస్తాను మాస్టారూ. ఆ నోట్‌బుక్‌తోనే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.