పరదాకి అటువైపు చాయ్

తమ్ముడు: నమస్కారం అందరికీ. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద బ్రాండ్లు కాకుండా మన గల్లీ మూలన ఉండే హోటళ్లు, బార్ల గురించి ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడిగారు. ఈ ఊరు తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది కాబట్టి అక్కనే కూర్చోబెట్టాను.

అక్క: ఎక్కడ ఏం తినాలో చెప్పే వీడియోలు కుప్పలుగా ఉన్నాయి రా. నాకు వేరే సంగతి మాట్లాడాలని ఉంది. ఒక చాయ్ చెప్పి గంటసేపు కూర్చునే చోటు ఈ ఊళ్లో ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అని.

తమ్ముడు: అయితే ఇరానీ హోటల్ దగ్గరే మొదలుపెట్టాలి.

అక్క: అవును. ఇరాన్‌లో యజ్ద్ లాంటి ఊళ్ల నుంచి బతుకుదెరువు కోసం బొంబాయి, పుణె మీదుగా ఇక్కడికి వచ్చినవాళ్లు పెట్టినవి ఇవి. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. పాత హోటళ్లు చాలావరకు రోడ్డు మూలనే ఉంటాయి, ఎందుకో తెలుసా?

తమ్ముడు: నాన్న చెప్పేవాడు. మూల స్థలానికి వీధిపోటు ఉంటుందని మనవాళ్లు తీసుకునేవాళ్లు కాదట, వీళ్లకి తక్కువలో దొరికేదట.

అక్క: అందరూ చెప్పుకునే మాట అదే. రెండు రోడ్ల వైపూ తలుపులు, బోలెడంత గాలి, వెలుతురు. లోపల పాలరాయి పలకల బల్లలు, చెక్క కుర్చీలు. నువ్వు ఏమీ అడగకముందే బిస్కెట్లో చోటా సమోసాలో ఒక ప్లేటు తెచ్చి పెట్టేవాళ్లు. రెండు తింటే రెండింటికే డబ్బులు. లేచి గల్లా దగ్గరికి నడుస్తుంటే వెనకనుంచి వెయిటర్ ఎంతయిందో గట్టిగా అరిచి చెప్పేవాడు. చీటీ లేదు, లెక్క రాసుకోవడం లేదు.

తమ్ముడు: పేపరు సంగతి కూడా చెప్పు.

అక్క: సియాసత్ అనే ఉర్దూ పేపరు ఒకటే వచ్చేది, దాన్ని నాలుగు బల్లలవాళ్లు తలా ఒక షీటు పంచుకునేవాళ్లు. ముందు పేజీ నీ దగ్గరుంటే ఆటల పేజీ పక్క బల్ల మీద. ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే మాట కలుస్తుంది. రిక్షా తొక్కే మనిషి, లాయరు గుమస్తా, కాలేజీ పిల్లాడు, ముగ్గురూ ఒకే బల్ల. కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవడమే, ఎవరూ ఎవరినీ అడిగేది లేదు. ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్లల్లో ఎవరి గ్లాసు వాళ్లకి విడిగా పెట్టే రోజుల్లో కూడా, అక్కడ కప్పు అందరిదీ ఒకటే.

తమ్ముడు: ఇప్పుడు ఆ మూలలే వాటికి చేటు తెచ్చాయి కదా. రోడ్డు వెడల్పు చేసినా మొదట పోయేది మూల కొట్టే. స్థలం రేటు పెరిగితే షోరూము వాళ్లు అడిగేదీ అదే. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

అక్క: కవులు, రాజకీయాలవాళ్లు గంటలు గంటలు కూర్చున్న చోటు. ఇప్పుడు లేదు. ఇరవై రూపాయల చాయ్ మీద గంటసేపు కుర్చీ ఇస్తే ఆ చదరపు అడుగుకి అద్దె ఎక్కడ గిట్టుబాటవుతుంది చెప్పు? అందుకే కొత్తగా వచ్చే చాయ్ దుకాణాల్లో చాలావాటిలో కుర్చీ తీసేశారు. కౌంటరు దగ్గర టోకెను, నిలబడి తాగడం, వెళ్లిపోవడం. చాయ్ బాగానే ఉంటుంది, కాదనను. కానీ నిలబడి తాగేవాడు పక్కవాడితో ఏం మాట్లాడతాడు?

తమ్ముడు: కర్రీ పాయింట్లు కూడా మన ఊరి సొంత సరుకే. వాటినీ చెప్పుకోవాలి.

అక్క: చెప్పుకోవాలి, కానీ వాటిలో కూర్చునేది లేదు కదా. పప్పు, ఒక వేపుడు, పచ్చిపులుసు కవర్లలో కట్టించుకుని, ఇంట్లో అన్నం ఒక్కటే వండుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. అమీర్‌పేట హాస్టళ్ల చుట్టూ మెస్సులు, కర్రీ పాయింట్లు లేకపోతే కోచింగులకి వచ్చిన పిల్లలు ఏం తినేవాళ్లో. వాళ్లకి దణ్ణం పెట్టాలి. అయినా నా గోడు వేరు. ఇందాక ఇరానీ హోటల్లో కుర్చీ అందరిదీ అన్నాను కదా?

తమ్ముడు: అన్నావు.

అక్క: అందులో నేను లేను రా. అమ్మ లేదు. మనం చిన్నప్పుడు వెళ్తే మమ్మల్ని ఫ్యామిలీ రూములోకి పంపేవాళ్లు. ప్లైవుడ్ అరలు, ముందు ఒక పరదా. ఫ్యాను తిరిగేది, కానీ కిటికీ ఉండేది కాదు. నువ్వు మాత్రం నాన్నతో బయట హాల్లో.

తమ్ముడు: గుర్తుంది. నేను పరదా కిందనుంచి దూరి వచ్చి నీకు లుక్మీ, అదే ఆ చదరంగా ఉండే ఖీమా సమోసా, ఇచ్చేవాణ్ణి.

అక్క: చల్లారిపోయిన లుక్మీ. దాన్ని మర్యాద అనే అనుకున్నాను చాలా ఏళ్లు. రద్దీలో ఇబ్బంది పడకుండా ఇచ్చారనే అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఒకసారి మేం నలుగురు ఆడవాళ్లం మా ఆఫీసు దగ్గర ఒక బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, ఒకతను వచ్చి ఏమీ అడక్కుండా మెట్ల వైపు చెయ్యి చూపించాడు. పైన ఏసీ ఫ్యామిలీ హాల్. కింద హాల్లో బల్లలు ఖాళీగానే ఉన్నాయి. పైన ఉన్నది మేం నలుగురమే. రేటు కూడా ఎక్కువ.

తమ్ముడు: కింద హాల్లో స్టఫ్, అదే నంచుకునేవి కూడా బాగుంటాయి, పాపం. గ్లాసు వచ్చేలోపే ఉడకబెట్టిన శనగలు, వాటి మీద ఉల్లిపాయ, నిమ్మకాయ, కీర ముక్కలు ఫ్రీగా వస్తాయి. పక్క బల్లవాళ్ల క్రికెట్ గొడవ మన గొడవే అయిపోతుంది.

అక్క: ఆ గొడవే కావాలి నాకు. సరే, ఇప్పుడు అసలు మాట చెప్తాను విను. ఈ ఊళ్లో ఆడవాళ్లు పరదా లేకుండా కూర్చున్న చోటు ఒకటుంది. కల్లు కాంపౌండ్.

తమ్ముడు: నిజమే. ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

అక్క: నాయనమ్మతో నేను వెళ్లాను, పదేళ్లుంటాయేమో నాకు. రేకుల షెడ్డు, మట్టి నేల, చుట్టూ గోడ. పొద్దంతా అడ్డా మీద పని చేసి వచ్చిన ఆడవాళ్లు, నెత్తిన చుట్టకుదురు ఇంకా తియ్యలేదు, బల్ల మీద మగవాళ్ల పక్కనే సీసా పెట్టుకుని కూర్చున్నారు. ఒకామె బోటి వేయించి అమ్ముతోంది. ఇంకొకామె గుడాలు కాగితంలో పోసి ఇస్తోంది. ఎవరూ ఎవరినీ ఎగాదిగా చూడలేదు. కష్టం చేశారు, కూర్చున్నారు, అంతే. తెలంగాణలో పండగైనా చావైనా కల్లు లేకుండా జరగదు, ఆడ మగ తేడా లేదు. ఊరి నుంచి పట్నానికి వచ్చినప్పుడు ఆ అలవాటు వెంట తెచ్చుకున్నారు.

తమ్ముడు: మధ్యలో సిటీలో దుకాణాలు మూసేశారు కదా, 2014లో మళ్లీ తెరిచారు.

అక్క: అవును. దీని గురించి ఒక్క వైపే చెప్తే తప్పవుతుంది. కల్లు చెట్టు మీదనుంచి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసిపోతుంది. సిటీ లోపల తాడిచెట్లు, ఈతచెట్లు ఎన్ని మిగిలాయి? ఇంతమందికి సరిపడా కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడే కల్తీ. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లు కూలీనాలీ చేసుకునేవాళ్లే. ఆడవాళ్లకి దక్కిన ఒక్క బల్ల మీద కూడా నమ్మి తాగడానికి లేకుండా చేశారు. నాకు ఆ కోపం తగ్గదు.

తమ్ముడు: మంచి కల్లు దొరకడమంటే గీత కార్మికుడి బతుకు బాగుండటం కూడా. మోకు కట్టుకుని అంత ఎత్తు ఎక్కి దించేవాడికి గిట్టుబాటైతేనే మత్తుమందు కలపని కల్లు సీసాలోకి వస్తుంది.

అక్క: అవును, అక్కడ సరిచెయ్యాలి. కాంపౌండ్‌కి తాళం వేస్తే అదే కల్తీ కల్లు రహస్యంగా అమ్ముతారు.

తమ్ముడు: పోయిన ఆదివారం సంగతి చెప్పవా మరి?

అక్క: చెప్తాను. అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. స్టేషన్ దగ్గర నలభై ఏళ్లున్నాం, ఆవిడ ఎప్పుడూ ఇరానీ హోటల్ బయటి హాల్లో కూర్చోలేదు. ఇద్దరం తీసుకెళ్లాం. అలవాటుగా పరదా వైపు నడవబోయింది, నేను చెయ్యి పట్టుకుని కౌంటరు పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

తమ్ముడు: మొదట కొంగు సర్దుకుంటూనే ఉంది పాపం.

అక్క: కాసేపే. తర్వాత కళ్లు కౌంటరు మీదనుంచి తిప్పలేదు. ఒక పెద్ద డేగిశాలో డికాక్షన్, మూతకి గుడ్డ చుట్టి దమ్ము మీద ఉంది. పక్కన ఇంకో గిన్నెలో పాలు మరిగి మరిగి చిక్కబడి, అంచుల్లో మీగడ కట్టింది. అతను కప్పులు వరసగా పేర్చి, ముందు డికాక్షన్ పోసుకుంటూ వెళ్లాడు, తిరిగి వస్తూ గరిటెతో పాలు. పౌనా చెప్పినవాళ్ల కప్పు ముప్పావు దగ్గర ఆగింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు, బల్ల మీద చుక్క పడలేదు.

తమ్ముడు: అమ్మ అప్పుడు నా వైపు వంగి ఏదో అంది.

అక్క: నాకు వినపడింది. "పాలూ నీళ్లూ ఒకే గిన్నెలో కాచి ఇన్నేళ్లు ఇంట్లో ఇదే చాయ్ చెయ్యాలని చూశాను రా. రెండూ విడివిడిగా కాస్తారని నాకెవరు చెప్పారు?"

తమ్ముడు: ఇంకో చాయ్ చెప్పమంది. రెండోసారి కప్పులు పేర్చేటప్పుడు లేచి వెళ్లి కౌంటరు దగ్గరే నిలబడింది.