'కారణం' అనే గడిలో ఏం రాశారు? న్యూయార్క్ రాష్ట్ర కౌంటీ పూర్‌హౌస్‌ల రిజిస్టర్లపై చర్చ

(స్టూడియోలో యాంకర్, చరిత్ర అధ్యాపకుడు, రిటైర్డ్ తహసీల్దారు. న్యూయార్క్ రాష్ట్రం నుంచి వీడియో కాల్‌లో, పాత రిజిస్టర్లను చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒక తెలుగు వాలంటీర్.)

యాంకర్: నమస్కారం. ఈ వారం అమెరికాలోని పాత పూర్‌హౌస్‌ల గురించి మాట్లాడుకుందాం. "అమెరికాలో పేదల ఇళ్లేమిటి మేడమ్?" అని ఇందాక మా కెమెరా అబ్బాయే అడిగాడు. మాస్టారూ, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మాస్టారు: మంచి ప్రశ్నే అడిగాడు. 1935లో ముసలివాళ్లకి ప్రభుత్వ సాయం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చేదాకా, అక్కడి పల్లెల్లో వయసు మీద పడి చూసేవాళ్లు లేని మనిషికి చివరి మజిలీ చాలాచోట్ల కౌంటీ పూర్‌హౌసే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. అంతకుముందు, అంటే 1824కి ముందు, న్యూయార్క్ రాష్ట్రంలో ఏ ఊరి పేదల్ని ఆ ఊరే చూసుకోవాలి. ఎలా చూసుకునేదో తెలుసా? చాలా ఊళ్లలో వేలం వేసేవాళ్లు.

యాంకర్: పేదల్నా?

మాస్టారు: పేదల్నే. అయితే అది తలకిందుల పాట. ఎక్కువ పాడినవాడికి కాదు, "ఇంత తక్కువ ఇచ్చినా ఏడాదంతా పోషిస్తాను" అన్నవాడికి మనిషిని అప్పజెప్పేవాళ్లు. తక్కువకి పాడినవాడు పెట్టే తిండి ఎలా ఉంటుందో నేను చెప్పాలా? పైగా పని చేయించుకునేవాడు. ఇంకో పద్ధతి, "ఈయన మా ఊరివాడు కాదు" అని బండెక్కించి పక్క ఊరికి పంపేయడం. ఆ ఊరు కోర్టుకెళ్లేది. పేదవాడి గంజికయ్యే డబ్బు కొంత ప్లీడర్లకి పోయేది.

తహసీల్దారు: సరిహద్దు తగాదా లాగే. అక్కడ పొలం బదులు మనిషి.

మాస్టారు: సరిగ్గా అదే. 1824లో ఆ రాష్ట్ర కార్యదర్శి జె.వి.ఎన్. యేట్స్ ఊరూరి లెక్కలు తెప్పించాడు. సాయం పొందేవాళ్లు 22,111 మందని తేలింది. ఏడాది పొడుగునా ఆధారపడ్డవాళ్లు అందులో 6,896 మందే. మిగతావాళ్లకి ఏదో చలికాలమో, జబ్బో గడిస్తే చాలు. కౌంటీకి ఒక ఇల్లు కట్టి, పక్కన పొలం పెడితే చేతనైనవాళ్లు సేద్యం చేస్తారు, పిల్లలు చదువుకుంటారు అన్నాడాయన. ఆ ఏడాదే చట్టమైంది.

తహసీల్దారు: కాగితం మీద బావుందండీ.

మాస్టారు: కాగితం మీద ఎప్పుడూ బావుంటుంది! (నవ్వు) 1857లో ఆ రాష్ట్ర సెనేట్ కమిటీ తిరిగి చూసొచ్చి, వీటిలో కొన్నిటికంటే పశువుల కొట్టాలు నయమని రాసింది. ముసలివాళ్లు, తల్లిదండ్రులు లేని పిల్లలు, పెళ్లికాకుండా గర్భవతులైన ఆడపిల్లలు, కళ్లు లేనివాళ్లు, మతి చలించినవాళ్లు... అందరూ ఒకే కప్పు కింద. మతిలేనివాళ్లను గొలుసులతో కట్టేసేవాళ్లు. వాళ్లకోసమే 1869లో సెనెకా సరస్సు ఒడ్డున విల్లార్డ్ ఆసుపత్రి తెరిచారు. మొదటి రోగి మేరీ రోట్. కొలంబియా కౌంటీ పూర్‌హౌస్ నుంచి వచ్చింది. పదేళ్లు మంచం లేదు, ఒంటిమీద బట్ట లేదు. ఆసుపత్రికి కూడా సంకెళ్లతోనే తీసుకొచ్చారు.

యాంకర్: (కాసేపాగి) పిల్లల సంగతి?

మాస్టారు: 1875 చట్టంతో 3 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లల్ని పూర్‌హౌస్‌లలో ఉంచకూడదన్నారు. అనాథాశ్రమాలకో, ఎవరిళ్లకో పంపారు. తల్లి ఇక్కడ, బిడ్డ అక్కడ. అదీ దయే అనుకున్నారు. ఇక రిజిస్టర్ల సంగతి అమ్మాయి చెబితేనే బావుంటుంది.

యాంకర్: అమ్మా, వినిపిస్తోందా? మీ చేతికొచ్చే కాగితం ఎలా ఉంటుందో చెప్పండి.

వాలంటీర్: వినిపిస్తోందండీ. నమస్తే. మాకొచ్చేవి స్కాన్ చేసిన పేజీలు. 1875 నుంచి రాష్ట్ర ధర్మాదాయ బోర్డు అన్ని పూర్‌హౌస్‌లకీ ఒకే అచ్చు ఫారం పంపింది. ఒక్కో మనిషికీ ఒక్కో ఫారం. పైన పేరు, చేరిన తేదీ, వయసు. తర్వాత పుట్టిన ఊరు, అమెరికాకొచ్చి ఎన్నాళ్లయింది, ఏ రేవులో దిగారు. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు. ఇంతవరకూ సరే. ఆ తర్వాత 'అలవాట్లు'. ఆయనవే కాదు, వాళ్ల నాన్నవి, అమ్మవి కూడా.

యాంకర్: అలవాట్లంటే?

వాలంటీర్: తాగుతారా లేదా అని. తర్వాత ఇంట్లో తాత, నానమ్మ, అన్నదమ్ములు ఎవరైనా సర్కారు సొమ్ము మీద బతికారా అని. దాని తర్వాత, 'ఇప్పుడు ఆధారపడటానికి కారణం'. ఏ పని చేయగలరు. ఇక ఆఖర్న ఉండే ప్రశ్న మొదటిసారి చదివినప్పుడు నాకు చెయ్యి ఆడలేదు. ఈ కారణం నుంచి బయటపడే విషయంలో 'ఈ వ్యక్తికి సంభవించబోయే గతి ఏమిటి?' అని.

మాస్టారు: గతి! జాతకం చెప్పమన్నట్టు.

వాలంటీర్: అవునండీ. నింపేది ఎవరు? పూర్‌హౌస్ కీపర్. పొలం చూసుకుంటూ, లెక్కలు రాసుకుంటూ, మధ్యలో ఇది. ఆయన భార్య మేట్రన్, వంటా ఆడవాళ్ల గదులూ ఆవిడవి. అలాంటాయన ఒక మనిషి భవిష్యత్తు ఒక గీత మీద రాయాలి. కొంచెం చోటే ఉంటుంది. పట్టేది రెండు మూడు మాటలే.

తహసీల్దారు: నేనొక మాట అడగొచ్చా? దస్తూరి ఒకటే ఉంటుందా?

వాలంటీర్: వరసగా చాలా ఫారాలు ఒకటే దస్తూరి.

తహసీల్దారు: సిరా?

వాలంటీర్: (నవ్వు) స్కాన్‌లో సిరా తెలీదండీ. కానీ ఒకే మాట వరసగా వచ్చేస్తుంటుంది.

తహసీల్దారు: అయితే నాకు అర్థమైంది. పింఛన్ల పని చేసినవాడెవడైనా ఈ ఫారం చూడగానే గుర్తుపడతాడు. మాకూ గడులుండేవి. సాయంత్రం ఐదున్నరకి ఇంకా 40 దరఖాస్తులు మిగిలితే, ఆ 40 మందికీ కారణం ఒక్కటే. 'ఆదాయ వనరులు లేవు.' ఒకాయన తాటిచెట్టు మీంచి పడ్డాడు, ఒకావిడకి చూపు లేదు, ఒకాయన బావి తవ్వించి అప్పులపాలయ్యాడు. రాసింది మాత్రం ఒకటే వాక్యం. అబద్ధం కాదు. నిజమూ కాదు. అందుకని ఆ కీపర్ని నేను తిట్టలేను.

మాస్టారు: మీరు తిట్టకండి, నేను తిడతాను. కీపర్ని కాదు, ఆ ఫారం తయారుచేసినవాళ్లని. బోర్డు కార్యదర్శి డాక్టర్ చార్లెస్ హోయ్ట్ ఈ పద్ధతిలోనే వేలమందిని పరిశీలించి 1877లో నివేదిక ఇచ్చాడు. తేల్చిందేమిటి? సోమరితనం, దుబారా, తాగుడు, అవి తరతరాలుగా రావడం. తేలకేం చేస్తుంది? మీరు అడిగిందే తాతల తాగుడు గురించి. 1873లో బ్యాంకులు కుప్పకూలి దేశమంతా పనులు పోయాయి. 'మీ ఫ్యాక్టరీ ఎప్పుడు మూసేశారు' అనే గడి లేదు కదా.

యాంకర్: అంటే ఈ రిజిస్టర్లు నమ్మకూడదంటారా?

మాస్టారు: నమ్మాలి, కానీ దేనికి నమ్మాలో చూసుకోవాలి. పేరు, తేదీ, పుట్టినచోటు నమ్ముతాను. 'కారణం' గడి చదివితే లోపలున్నవాడి కంటే రాసినవాడే ఎక్కువ కనిపిస్తాడు. ఇంకో సంగతి, పక్కదారే అయినా చెప్పనివ్వండి. అదే 1877లో మన మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు. కర్నూలు, కడప, బళ్లారి జనం సహాయ పనుల దగ్గర క్యూ కట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి రోజుకి పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. సాయం ఎక్కువైతే జనం చెడిపోతారనే భయం. అక్కడా ఇక్కడా ఒకటే భయం, ఒకే ఏడాది.

తహసీల్దారు: ఆ భయం ఇప్పటికీ ఉంది లెండి.

వాలంటీర్: మాస్టారు తేదీలన్నారు కదా, నాకు ఎక్కువ కథ చెప్పేవి అవే. వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. చలి మొదలవగానే జనం పెరుగుతారు, ఎండలు రాగానే తగ్గుతారు. పొలం కూలీలు, కాలువ పనివాళ్లు. వెళ్లినచోట 'పారిపోయాడు' అని రాస్తారు. జైలు కాదు కదా, పారిపోవడమేంటి? పొద్దున్నే లేచి పనికి వెళ్లిపోయాడంతే! నాకు నవ్వొస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది. అదే పేరు మళ్లీ నవంబర్లో కనిపిస్తే, "హమ్మయ్య, బతికే ఉన్నాడు" అనుకుంటాను.

యాంకర్: తిరిగి వెళ్లనివాళ్లు?

వాలంటీర్: పొలం చివర ఖననం. చాలాచోట్ల రాయి మీద నంబరే, పేరుండదు. ఆ నంబరుకి పేరు కావాలంటే రిజిస్టరే దిక్కు. ఆ రిజిస్టరు పోయిన కౌంటీలో ఇక నంబరే మిగులుతుంది. 1880 జనాభా లెక్కల్లో పేదలకీ, అంధులకీ, ఖైదీలకీ విడిగా ఫారాలు నింపారు, అవి కొంత ఆదుకుంటాయి.

యాంకర్: 1935 తర్వాత ఇవి మూతపడ్డాయా?

మాస్టారు: మెల్లగా. కొత్త వృద్ధాప్య సాయం ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకి ఇవ్వకూడదని చట్టంలోనే పెట్టారు. డబ్బు కావాలంటే బయటికి రావాలి. నడవగలిగినవాళ్లు వచ్చేశారు. చాలా భవనాలు నర్సింగ్ హోములయ్యాయి.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ఒక్క ప్రశ్న. ఇన్నేళ్ల తర్వాత 'తాగుబోతు', 'అక్రమ సంతానం' లాంటి మాటలతో సహా పేర్లు ఎక్కించడం సరేనా?

వాలంటీర్: ఉన్నది ఉన్నట్టే ఎక్కిస్తానండీ. మనవరాళ్ల మనవరాళ్లు వెతుక్కుంటున్నారు. నేను దిద్దితే అది ఇంకో కీపర్ పని.

తహసీల్దారు: మీరన్నది సబబే అమ్మా. కానీ నా దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. ముగ్గురు కొడుకులు. కారణం గడిలో 'కుమారులు పోషించుట లేదు' అని రాసి చదివి వినిపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "బాబూ, ఆ మాట కొట్టెయ్యి. పింఛను రాకపోతే పోనీ. నా బిడ్డలు నన్ను చూడట్లేదని కాయితంలో ఉండకూడదు" అంది.

యాంకర్: కొట్టేశారా?

తహసీల్దారు: గడి ఖాళీగా ఉంటే ఫైలు పైనుంచి తిరిగొస్తుంది. అది చింపేసి కొత్త ఫారం తీసి 'వృద్ధాప్యం' అని రాశాను.

వాలంటీర్: ఇక్కడా 'ఓల్డ్ ఏజ్' అని వరసగా వస్తుంటుందండీ. కీపర్‌కి బద్ధకం అనుకునేదాన్ని.

తహసీల్దారు: బద్ధకమే అయ్యుంటుంది. నాలుగైదు మాత్రం ఎవరో అడిగితే రాసినవి ఉండొచ్చు.

వాలంటీర్: ఏవో ఎలా తెలుస్తుంది?

తహసీల్దారు: నా ఫైల్లో నాకే తెలీదమ్మా ఇప్పుడు.